సాంచాలు ఆగినా ఆగని మోత

శ్రోతలకు నమస్కారం.

సిరిసిల్లలో మరమగ్గాన్ని అందరూ సాంచె అనే అంటారు. షెడ్డులో అడుగుపెడితే పక్కనున్న మనిషి మాట కూడా వినిపించదు. పోగును మోసే నాడెలు అటూ ఇటూ కొట్టుకుంటూ ఉంటే, వరుస మగ్గాల మధ్య తిరిగే కార్మికులు సైగలతోనే పని నడుపుకుంటారు. అక్కడ మోత 90 డెసిబెల్స్ దాటడం మామూలే. 85 డెసిబెల్స్ దగ్గర రోజుకు 8 గంటలకు మించి పనిచేయకూడదనీ, ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగానికి తగ్గాలనీ నిపుణుల మాట. ఆ లెక్కన 94 దగ్గర గంటకు మించి ఉండకూడదు. సాంచాల మీద షిఫ్టు తరచూ 12 గంటలు!

లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే రోమకణాలు సుమారు 15 వేలు ఉంటాయి. మోతకు చచ్చినవి మళ్లీ పుట్టవు. ముందు పోయేవి సన్నని శబ్దాలను పట్టే కణాలే. అందుకే సాంచాల కార్మికుడికి మాట వినిపిస్తుంది కానీ అర్థం కాదు. భార్య పాలు అన్నదో, కాలు అన్నదో తెలియదు. మనవరాలి గొంతు అసలే అందదు. కావాలనే వినిపించుకోవడం లేదని ఇంట్లోవాళ్లు విసుక్కుంటారు. ఆ నింద ఆయనను చెవుడు కన్నా ఎక్కువగా కుంగదీస్తుంది.

ఇక రాత్రి పడుకుంటే చెవిలో జోరీగలాంటి మోత మొదలవుతుంది. స్టేషన్ సరిగా అందనప్పుడు రేడియో వాల్యూమ్ పెంచితే గరగర కూడా పెరుగుతుంది కదా, చెవి నుంచి వచ్చే సంకేతాలు తగ్గినప్పుడు మెదడు కూడా అలాగే చేస్తుందని శాస్త్రవేత్తలు భావిస్తున్నారు. ఇది పిచ్చి కాదు, భయపడకండి. దీన్ని పూర్తిగా పోగొట్టే మాత్ర లేదు. చెవిలో నూనె పోస్తే తగ్గదు సరికదా, హాని జరగవచ్చు. వినికిడి యంత్రం పెట్టుకుంటే చాలామందికి మాటలతో పాటు ఈ మోత విషయంలోనూ ఊరట దొరుకుతుంది. నిశ్శబ్దమైన గదిలో కన్నా ఫ్యాను చప్పుడులో నిద్ర తేలికగా పడుతుంది. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రంలో వినికిడి పరీక్షలు చేస్తారు. ఒక్క చెవిలోనే మోత ఉన్నా, ఉన్నట్టుండి వినికిడి తగ్గినా ఆలస్యం చేయకుండా డాక్టరును కలవండి.

2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూలులో మోత వల్ల వచ్చే చెవుడు వృత్తి వ్యాధిగా ఉండేది. కానీ పది మంది కూడా లేని చిన్న షెడ్లు సాధారణంగా ఆ చట్టం కిందికి వచ్చేవి కావు. కూలికి బట్ట నేయించి ఇచ్చే ఆసాములూ, షెడ్ల యజమానులూ, చట్టం అడగకపోయినా మీ కార్మికులకు మంచి ఇయర్ మఫ్‌లు కొనివ్వండి. దూది సరిపోదు.

ఇంట్లోవారికి ఒక మాట. ఆయనతో మాట్లాడేటప్పుడు టీవీ కట్టేసి, ముఖం కనిపించేలా ఎదురుగా కూర్చోండి. అరవకండి, అరిస్తే మాట ఇంకా చెదిరిపోతుంది. అర్థం కాకపోతే అదే మాటను పదేపదే అనకుండా మరో విధంగా చెప్పి చూడండి.