కచ్చాపచ్చా గిటార్

పబ్ మ్యూజిక్ మీద వీడియో చేస్తున్నానంటే మా తమ్ముడు "డీజేనా?" అన్నాడు. కాదురా బాబూ! 1970ల మొదట్లో లండన్ పబ్బుల్లో మోగిన రిథమ్ అండ్ బ్లూస్ గురించి. ఇప్పుడు ఆర్ అండ్ బీ అని పిలుస్తున్న మెత్తటి ప్రేమపాటలు కావు, మోటు సరుకు.

"వాళ్లకి వాయించడం సరిగ్గా రాదు, అందుకే అంత మోటుగా ఉంటుంది" అంటారే, ఆ మాటకే నాకు ఒళ్లు మండుతుంది. రోటి పచ్చడి తెలుసు కదా? మిక్సీలో మెత్తగా ఎవరైనా తిప్పుతారు. కచ్చాపచ్చాగా నూరి, సరిగ్గా అక్కడ ఆపడానికే చెయ్యి తిరగాలి.

డాక్టర్ ఫీల్‌గుడ్‌నే తీసుకోండి. 1971లో, ఎసెక్స్‌లోని కాన్వీ ద్వీపంలో, చమురు ట్యాంకుల పక్కన పుట్టిన బ్యాండ్. గిటార్ విల్కో జాన్సన్. (చదువయ్యాక రోడ్డు మార్గాన మన దేశం దాకా వచ్చి, తిరిగి వెళ్లి ఇంగ్లిష్ పంతులుగా చేశాడు. పంతులులా మాత్రం కనిపించేవాడు కాదు.)

ఆయన కుడి చెయ్యి చూడండి. తీగలు మీటే బిళ్ల, అదే పిక్, లేదు, వట్టి వేళ్లే. తీగలన్నిటి మీదా ఒక్క దెబ్బ, వెంటనే ఎడమ చేత్తో ఆ మోత నొక్కేయడం, ఆ సందులోనే చిన్న సోలో ముక్క. రోట్లో బండ పైకి లేచినప్పుడు అమ్మ రెండో చేత్తో పచ్చడిని మధ్యకు తోస్తుందే, అచ్చం అలాగే! క్షణం తేడా వస్తే వేళ్లు నలుగుతాయి. పక్కన ఇంకో గిటారిస్టు లేడు, నూరేదీ తోసేదీ ఈయనే. జానీ కిడ్ బ్యాండ్‌లోని మిక్ గ్రీన్‌ను విని, విని పట్టిన విద్య ఇది.

పైగా అప్పట్లో పెద్ద బ్యాండ్లన్నీ సింథసైజర్లు, ఇరవై నిమిషాల పాటలు. అంటే మిక్సీ, దానికి తోడు గ్రైండర్! పబ్‌లో అవి నడవవు. జనం చేతికందే దూరంలో గ్లాసు పట్టుకుని నిలబడి ఉంటారు. 1971లో టాలీ హో అనే జాజ్ పబ్‌లో ఎగ్స్ ఓవర్ ఈజీ అనే అమెరికన్ బ్యాండ్ వాయించడం మొదలెట్టింది, మిగతా పబ్బులూ అదే దారి పట్టాయి.

టైమ్ అయిపోతోంది, గబగబా చెప్పేస్తా. 1976లో ఫీల్‌గుడ్ లైవ్ ఆల్బం బ్రిటన్‌లో నంబర్ వన్. 1977లో విల్కో బయటికొచ్చేశాడు, అప్పటికే పంక్ అనే ఇంకా మోటు రాక్ వచ్చేసింది. ఇంకా తవ్వాలనుకుంటే డక్స్ డీలక్స్, కౌంట్ బిషప్స్ అనే బ్యాండ్లు వినండి.

అయితే ముందు ఫీల్‌గుడ్ తొలి ఆల్బం, 1975ది. అందరూ స్టీరియో మోజులో ఉంటే వీళ్లు మోనోలో, అంటే రెండు చెవులకీ ఒకే మోతగా, వదిలారు. మీ ఇయర్‌బడ్స్‌లో ఒకటి పోయినా పర్లేదు, దీనికి రెండోదానితో పని లేదు.