గేజి పుస్తకంలో సున్నా

సభకు నమస్కారం. వేదిక మీదున్న పెద్దల పేర్లు ప్రిన్సిపల్ గారు ఒకసారి చదివేశారు కాబట్టి నేను మళ్లీ చదవను. ఇంజనీర్స్ డే కదా, విశ్వేశ్వరయ్యగారి గురించి మాట్లాడమని పిలిచారు. ఆయన గురించి మీకు నాకన్నా బాగా తెలుసు. నేను తుప్పు గురించి మాట్లాడతాను.

ఈ ముక్కను చివరి బెంచీ దాకా పంపండి. అంచు పట్టుకోకండి, చెయ్యి కోసుకుంటుంది. ఇది ఏడంగుళాల కేసింగ్, అంటే చమురు, గ్యాస్ బావిలో దింపే ఉక్కు గొట్టం. కొత్తలో గోడ మందం ఎనిమిది మిల్లీమీటర్లు. ఇప్పుడు దీపానికి అడ్డం పెట్టి చూడండి, జల్లెడే.

బావిలో దింపిన ఈ గొట్టం చుట్టూ సిమెంటు పోస్తారు. చాలాసార్లు పైదాకా పొయ్యరు. పొయ్యని చోట భూమిలోని నీళ్లు బయటినుంచి తింటాయి. గ్యాస్‌తో వచ్చే కార్బన్ డయాక్సైడ్ నీళ్లతో కలిసి ఆమ్లమై లోపలినుంచి తింటుంది.

అమెరికాలో లాస్ ఏంజెలెస్ పక్కన అలీసో కాన్యన్ అని ఉంది. 1953లో చమురు కోసం తవ్విన బావిని తర్వాత గ్యాస్ నిల్వకు వాడుకున్నారు. 2015 అక్టోబరులో లీకైంది, 2016 ఫిబ్రవరి దాకా ఆగలేదు. దాదాపు లక్ష టన్నుల మీథేన్ గాల్లో కలిసింది. వేల కుటుంబాలు ఇళ్లు వదిలి పోయాయి. తీరా చూస్తే, భూగర్భ జలం, అందులోని సూక్ష్మజీవులు కేసింగ్‌ని బయటినుంచి తినేశాయి. అదీ ఏడంగుళాలదే!

పాశర్లపూడి సంగతేమిటని వెనకాల ఎవరో అంటున్నారు. అది తుప్పు కాదు బాబూ, 1995లో డ్రిల్లింగ్‌లో వచ్చిన బ్లోఅవుట్, అంటే గ్యాస్ అదుపు తప్పి ఎగదన్నడం. ఏ సభకెళ్లినా ఇదే ప్రశ్న.

నాకు గుర్తున్నది వేరే బావి. పేరు వద్దు. కొబ్బరితోట మధ్యలో ఉండేది. తోట రైతు ఆఫీసుకొచ్చి, "సెల్లార్లో నీళ్లు బుడగలేస్తున్నాయండీ" అన్నాడు. సెల్లార్ అంటే బావి మూతి చుట్టూ కట్టిన గొయ్యి. ఆకులు కుళ్లుతున్నాయిలే అని పంపించేశారు మావాళ్లు. నేను గేజి పుస్తకం తీయించాను. ఒకదాంట్లో ఒకటి దింపిన రెండు కేసింగ్‌ల మధ్య ప్రెజర్ నెలనెలా సున్నా. ఒకే చేతిరాత. వెళ్లి చూస్తే గేజి ముల్లు తుప్పు పట్టి సున్నా మీద ఇరుక్కుపోయింది! కొత్త గేజి బిగించగానే ముల్లు లేచింది. లోపలి కేసింగ్ కారుతోందన్నమాట.

ముందు లాగింగ్ చేసి, అంటే బావిలోకి పరికరం దింపి, గోడ మందం కొలుద్దామన్నాను. దండగ ఖర్చన్నారు, సిమెంటు స్క్వీజ్ చేసెయ్యమన్నారు, అంటే చిల్లుల్లోకి సిమెంటు ఒత్తిడితో ఎక్కించెయ్యమని. చేశాం. గట్టిపడ్డాక లోపలి సిమెంటు డ్రిల్ చేసి ప్రెజర్ పెడితే నిలవలేదు. ఒక చిల్లు మూస్తే పక్కది తెరుచుకునేది. అలా మూడుసార్లు. మూడుసార్లూ రిగ్ అద్దె, కుర్రాళ్ల నిద్ర, పైవాళ్ల ఫోన్లు, టెన్షన్. అప్పుడు దండగ అని ఒక్కరూ అనలేదు, చూశారా?

రైతు టీ తెచ్చేవాడు. ఓ రోజు అడిగాడు: "మా బోరు పైపు పాడైతే లోపల చిన్న పైపు దింపుతామండీ. మీకలా కుదరదా?"

నవ్వాం. డిగ్రీలున్నవాళ్లం కదా.

చివరికి లాగింగ్ చేస్తే ఒకటీ రెండూ కాదు, వరసగా చాలా జాయింట్లు, అంటే కేసింగ్‌లోని గొట్టం ముక్కలు, పోయాయి. లోపల అయిదంగుళాల చిన్న గొట్టం, లైనర్ అంటాం, దింపి, సిమెంటు పోసి బావిని నిలబెట్టాం. ఆయన చెప్పిందే! దారి ఇరుకై పెద్ద పనిముట్లు తర్వాత దిగలేదు, అది వేరే బాధ. రిపోర్టులో నా పేరు రాశారు, ఆయనది రాయలేదు. నేనూ రాయించలేదు.

టైమైందని చీటీ వచ్చింది. ఆ ముక్క ఎవరి దగ్గరుంది? చివరి బెంచీవాళ్లు చూశారా? తెచ్చివ్వండి, అది ఆ బావిదే.