ముప్పై రోజుల గడువు: 1960లో జపాన్ భద్రతా ఒప్పందం

శ్రోతలకు నమస్కారం.

జపాన్ రాజ్యాంగంలో 61వ అధికరణం ఒకే ఒక్క వాక్యం. విదేశాలతో చేసుకునే ఒప్పందాలకు పార్లమెంటు ఆమోదం కావాలంటే బడ్జెట్‌కున్న పద్ధతే వర్తిస్తుందని చెప్పి, అక్కడితో ఆగిపోతుంది. ఆ పద్ధతేమిటో దాని ముందున్న 60వ అధికరణంలో ఉంది. దిగువ సభ ఆమోదించి పంపిన దాన్ని ఎగువ సభ కాదంటే, రెండు సభల నుంచీ కొందరు సభ్యులతో ఒక ఉమ్మడి సంఘం కూర్చుంటుంది. అక్కడా రాజీ కుదరకపోతే దిగువ సభ మాటే చెల్లుతుంది. ఎగువ సభ అవుననీ కాదనీ తేల్చకుండా 30 రోజులు గడిపేస్తే, అప్పుడూ దిగువ సభ మాటే చెల్లుతుంది.

మనకు ఇది మరీ కొత్తేమీ కాదు. లోక్‌సభ పంపిన మనీ బిల్లును రాజ్యసభ 14 రోజుల్లో తిప్పి పంపకపోతే, అది ఉభయ సభల్లోనూ నెగ్గినట్టే లెక్క. జపాన్‌లో ఆ గడువు 30 రోజులు. పైగా అక్కడ అది డబ్బు వ్యవహారాలతో ఆగలేదు, దేశాల మధ్య ఒప్పందాలకూ వర్తిస్తుంది. మామూలు చట్టానికి ఈ వెసులుబాటు లేదు. ఎగువ సభ ఒక బిల్లును తిరస్కరిస్తే దిగువ సభ దాన్ని మళ్ళీ మూడింట రెండు వంతుల ఓట్లతో నెగ్గించుకోవాలి. ఎగువ సభ 60 రోజులు ఏమీ తేల్చకపోతే, దాన్ని తిరస్కరించినట్టుగా దిగువ సభ భావించవచ్చు. అంటే మామూలు చట్టం విషయంలో మౌనం కాదనడం కిందకు వస్తుంది, ఒప్పందం విషయంలో అవుననడం కిందకు వస్తుంది. యుద్ధానంతర జపాన్ రాజకీయాల్లో అతి పెద్ద సంక్షోభం ఈ తేడా చుట్టూనే తిరిగింది.

ఆ సంక్షోభం తెచ్చింది అమెరికాతో జపాన్ చేసుకున్న భద్రతా ఒప్పందం. అదేమిటో క్లుప్తంగా చెప్పుకుందాం. 1951 సెప్టెంబరు 8న శాన్ ఫ్రాన్సిస్కోలో జపాన్ శాంతి ఒప్పందం మీద సంతకాలయ్యాయి. అదే రోజు, అదే ఊళ్ళో, ప్రధాని యోషిదా షిగెరు అమెరికాతో భద్రతా ఒప్పందం మీద కూడా సంతకం చేశారు. జపాన్ తరఫున ఆ రెండో కాగితం మీద ఆయన ఒక్కరి సంతకమే ఉంది. భారత్ ఆ సమావేశానికి వెళ్ళలేదు. విదేశీ సైన్యం ఉండాలో వద్దో జపాన్ పూర్తి స్వాతంత్ర్యం వచ్చాక తనంతట తాను తేల్చుకోవాలి, ముందే శాంతితో ముడిపెట్టకూడదు అన్నది నెహ్రూ ప్రభుత్వ అభ్యంతరాల్లో ఒకటి. మనం 1952 జూన్ 9న జపాన్‌తో విడిగా శాంతి ఒప్పందం చేసుకున్నాం. తర్వాత జరిగింది చూస్తే ఆ అభ్యంతరం సరైనదేననిపిస్తుంది.

ఎందుకంటే 1951 నాటి భద్రతా ఒప్పందం జపాన్‌కు గౌరవంగా లేదు. అమెరికా సైన్యం జపాన్‌లో ఉండవచ్చు, కానీ జపాన్‌ను కాపాడి తీరాలన్న బాధ్యత అందులో రాసుకోలేదు. జపాన్ ప్రభుత్వం అడిగితే దేశంలోపలి అల్లర్లను అణచడానికి కూడా ఆ సైన్యాన్ని వాడవచ్చు. అమెరికా ఒప్పుకోనిదే జపాన్ మరో దేశానికి స్థావరాలు ఇవ్వకూడదు. ఎన్నాళ్ళు అన్న గడువు లేదు. దీన్ని మార్చాలని ఎడమ పక్షాలూ కోరాయి, కుడి పక్షాలూ కోరాయి.

మార్చే పని ప్రధాని కిషి నోబుసుకే చేతికి వచ్చింది. యుద్ధకాలంలో ఆయన ప్రధాని తోజో మంత్రివర్గంలో వాణిజ్య, పరిశ్రమల మంత్రి. యుద్ధం తర్వాత యుద్ధ నేరాల అనుమానితుడిగా సుగమో జైల్లో మూడేళ్ళకు పైగా ఉండి, విచారణ లేకుండానే 1948 డిసెంబరులో విడుదలయ్యారు. 1957లో ప్రధాని అయ్యారు. 1960 జనవరి 19న వాషింగ్టన్‌లో ఆయన సంతకం చేసిన కొత్త ఒప్పందం, కాగితం మీద చూస్తే, పాతదానికంటే మెరుగు. అల్లర్లు అణిచే మాట పోయింది. జపాన్ పాలనలో ఉన్న భూభాగం మీద దాడి జరిగితే ఇద్దరూ కలిసి ఎదుర్కోవాలన్న మాట వచ్చింది. అమెరికా తన బలగాలను గానీ ఆయుధాలను గానీ పెద్ద ఎత్తున మార్చాలన్నా, జపాన్ రక్షణ కోసం కాని యుద్ధానికి అక్కడి స్థావరాలను వాడాలన్నా ముందు సంప్రదించాలని విడిగా ఒక లేఖ రాసుకున్నారు. పదేళ్ళ తర్వాత ఏ పక్షమైనా ఏడాది ముందు నోటీసు ఇచ్చి బయటికి రావచ్చు.

మెరుగైన ఒప్పందమైతే అంత గొడవ ఎందుకు? రెండు కారణాలు. ఒకటి, స్థావరాలను తూర్పు ఆసియా శాంతి భద్రతల కోసం కూడా వాడవచ్చని ఆరో అధికరణం అంటుంది. ఆ ప్రాంతం ఎక్కడి నుంచి ఎక్కడి దాకా అని సోషలిస్టు సభ్యులు వారాల తరబడి అడిగారు. ఫిలిప్పీన్స్‌కు ఉత్తరాన, దక్షిణ కొరియా, తైవాన్ కలుపుకుని అని ఫిబ్రవరిలో ప్రభుత్వం వివరణ ఇచ్చింది. అంటే తైవాన్ గొడవలోకి మనల్నీ లాగుతారన్నమాట అని జనానికి భయం పట్టుకుంది. రెండోది మే 1న వచ్చింది. సోవియట్ యూనియన్ తన ఆకాశంలో అమెరికా గూఢచారి విమానం యు-2ను కూల్చేసింది. అలాంటి విమానాలు టోక్యో దగ్గర అత్సుగి స్థావరంలోనూ ఉన్నాయి.

ఇక్కడ నుంచి కథ లెక్కల మీద నడుస్తుంది. కొంచెం ఓపికగా వినండి.

అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ టోక్యోకు జూన్ 19న వస్తారని ఖరారైంది. ఆయన వచ్చేసరికి పార్లమెంటు ఆమోదం పూర్తవ్వాలని కిషి పట్టుదల. ఎగువ సభలో చర్చ సాఫీగా సాగుతుందన్న నమ్మకం లేదు. మరి దారి? 30 రోజుల గడువు. జూన్ 19 నుంచి 30 రోజులు వెనక్కి లెక్కపెడితే మే 20 వస్తుంది. ఆ రోజుకల్లా దిగువ సభ ఆమోదించి తీరాలి.

ఇంకో చిక్కుంది. సమావేశాలు నడవని రోజులు ఈ 30లోకి రావు. ఆ పార్లమెంటు సమావేశం 150 రోజులది, మే 26తో ముగుస్తుంది. ముగిస్తే గడువు లెక్కా ఆగిపోతుంది, ఒప్పందమూ అటకెక్కుతుంది. కాబట్టి దిగువ సభలో ఒకటి కాదు, రెండు తీర్మానాలు నెగ్గాలి. ముందు సమావేశాల పొడిగింపు, ఆ వెంటనే ఒప్పందం.

మే 19 రాత్రి. ఒప్పందాన్ని పరిశీలిస్తున్న ప్రత్యేక సంఘంలో చర్చను హఠాత్తుగా ముగించి, గందరగోళం మధ్యే ఓటింగ్ అయిందనిపించారు. స్పీకర్ కియోసె ఇచిరో సభలోకి వెళ్ళకుండా సోషలిస్టు సభ్యులు ఆయన గది ముందు నేల మీద కూర్చున్నారు. స్పీకర్ సుమారు 500 మంది పోలీసులను పార్లమెంటు భవనంలోకి పిలిపించారు. పోలీసులు ప్రజాప్రతినిధులను ఒక్కొక్కరినీ చేతులూ కాళ్ళూ పట్టుకుని మోసుకుపోయారు. స్పీకర్ తోపులాటల మధ్య వేదిక చేరేసరికి రాత్రి 12 కావడానికి కొన్ని నిమిషాలే ఉంది. సమావేశాలను 50 రోజులు పొడిగిస్తూ తీర్మానం నెగ్గింది. సభ వాయిదా పడింది. అర్ధరాత్రి దాటగానే, అంటే తేదీ మే 20కి మారగానే, సభ మళ్ళీ మొదలైంది. ప్రతిపక్షం లేకుండానే ఒప్పందం నెగ్గింది.

అధికార పక్ష సభ్యుల్లోనే చాలామంది ఆ రాత్రి ఓటు పొడిగింపు మీదే అనుకున్నారు, ఒప్పందం కూడా వస్తుందని వాళ్ళకు తెలియదు. కిషికి ముందు ప్రధానిగా చేసిన ఇషిబాషి తన్జాన్, తర్వాతి కాలంలో ప్రధాని అయిన మికి తకేవో లాంటివాళ్ళు సభకే రాలేదు. అదీ సొంత పార్టీ!

ఈ చోటే నేను గట్టిగా చెప్పదలచుకున్న మాట ఉంది. దిగువ సభలో కిషి పార్టీకి, అంటే లిబరల్ డెమోక్రటిక్ పార్టీకి, కొరత లేని మెజారిటీ ఉంది. 1958 ఎన్నికల్లో 467 స్థానాల్లో 287 గెలిచింది. ఇంకో వారం చర్చ సాగినా ఓటింగ్‌లో ఓడిపోయేది కాదు. ఓట్లున్న పక్షం పోలీసులను పిలవాల్సి వచ్చింది ఒక అతిథి రాక తేదీ కోసం. మే 19 దాకా వీధుల్లో సాగిన ఉద్యమం ఒప్పందం మీద. మే 20 నుంచి ఉద్యమం పద్ధతి మీద. అమెరికాతో పొత్తు మంచిదే అనుకునేవాళ్ళు కూడా వీధిలోకి వచ్చింది అందుకే. చైనా సాహిత్య పండితుడు తకెఉచి యోషిమి ఇలాంటి ప్రభుత్వం కింద ఉద్యోగం చేయలేనని విశ్వవిద్యాలయం వదిలేశారు. కొద్ది రోజులకే తత్వవేత్త త్సురుమి షున్సుకే కూడా రాజీనామా ఇచ్చారు.

మే నెలాఖరులో కిషి విలేకరులతో మాట్లాడుతూ, గొంతెత్తేవాళ్ళ మాటే కాదు, గొంతెత్తని వాళ్ళ మాట కూడా వినాలి, బేస్‌బాల్ మైదానాలు నిండుగానే ఉన్నాయి కదా అన్న అర్థంలో అన్నారు. జూన్ 4న దేశమంతటా సమ్మె. ఆ రోజు టోక్యోలో చిత్రలేఖనం నేర్పే ఒక ఉపాధ్యాయురాలు ఒక బట్ట మీద ఆ మాటనే పేరుగా రాసుకుంది. గొంతెత్తని గొంతుల సంఘం, ఎవరైనా రావచ్చు, మీరూ రండి అని. ఆ బట్ట పట్టుకుని ఇద్దరితో నడక మొదలైంది. ఏ పార్టీకీ ఏ సంఘానికీ చెందనివాళ్ళు కాలిబాట మీద నిలబడి చూస్తున్నవాళ్ళు కాస్తా, ఆ బట్ట వెనక చేరారు. నడక ముగిసేసరికి మూడు వందల మంది. ఆ రోజుల్లో లక్షల్లో లెక్కలు వినిపిస్తాయి. నాకు మాత్రం ఈ మూడు వందలే ముఖ్యమనిపిస్తుంది. ఎందుకంటే వీళ్ళను ఎవరూ తీసుకురాలేదు.

ఆ తర్వాత రోజులు వేగంగా గడిచాయి. జూన్ 10న ఐసెన్‌హోవర్ పత్రికా కార్యదర్శి హాగర్టీ కారును హనెదా విమానాశ్రయం దగ్గర జనం చుట్టుముడితే, అమెరికా హెలికాప్టర్ వచ్చి ఆయన్ని ఎత్తుకుపోయింది. జూన్ 15న విద్యార్థులు పార్లమెంటు ఆవరణలోకి చొచ్చుకుపోయారు. పోలీసులతో జరిగిన ఘర్షణలో టోక్యో విశ్వవిద్యాలయ విద్యార్థిని కన్బా మిచికో చనిపోయారు. వయసు 22. మర్నాడే కిషి పర్యటన వాయిదా వేసుకోమని అమెరికాను కోరారు.

గమనించండి, 30 రోజుల లెక్క అంతా ఏ రాక కోసం కట్టారో ఆ రాకే లేకుండా పోయింది. లెక్క మాత్రం ఆగలేదు. మొదలైన లెక్కను ఆపే అవకాశం ఎగువ సభకే ఉంది, అదీ ఓటు వేసి. ఎగువ సభ ఓటు వేయలేదు. జూన్ 18 రాత్రి పార్లమెంటు చుట్టూ జనసముద్రం. ప్రధాని అధికార నివాసంలో కిషి, ఆయన తమ్ముడు సాతో ఎయిసాకు కూర్చుని ఉన్నారు. అర్ధరాత్రి 12 కొట్టింది. ఏ సభా ఓటు వేయలేదు, ఎవరూ చేయి ఎత్తలేదు. ఒప్పందానికి ఆమోదం దొరికింది. అదే జూన్ 19న ఐసెన్‌హోవర్ ఒకినావాలో దిగారు. అది అప్పటికి అమెరికా పాలనలోనే ఉంది కాబట్టి, జపాన్ పాలనలోని భూభాగం అన్న కొత్త ఒప్పందపు మాట దానికి వర్తించదు. ఒకినావా జపాన్‌కు తిరిగి వచ్చింది 1972 మే 15న.

జూన్ 23న టోక్యోలో రెండు దేశాలూ పత్రాలు మార్చుకున్నాయి. అదే రోజు కిషి రాజీనామా ప్రకటించారు. జూలైలో ఇకెదా హయాతో ప్రధాని అయ్యారు. పదేళ్ళలో జాతీయాదాయం రెట్టింపు చేస్తామన్నారు, ప్రతిపక్షంతో ఓర్పుగా ఉంటామన్నారు. అక్టోబరు 12న సోషలిస్టు నాయకుడు అసనుమా ఇనెజిరోను హిబియా సభామందిరంలో వేదిక మీదే ఒక 17 ఏళ్ళ కుర్రాడు పొడిచి చంపాడు. నవంబరు ఎన్నికల్లో అధికార పక్షానికి 296 స్థానాలు వచ్చాయి, మునుపటికంటే ఎక్కువ. జనం కోపం పార్టీ మీద కంటే ఆ ఒక్క రాత్రి మీద, ఆ ఒక్క ప్రధాని మీద అని దీన్ని బట్టి నాకనిపిస్తుంది.

పదేళ్ళ గడువు 1970 జూన్‌తో తీరింది. అప్పటి ప్రధాని సాతో. ఆయన పార్లమెంటులో కొత్త ఓటు పెట్టలేదు, పెట్టనక్కర లేదు కూడా. ఎవరూ నోటీసు ఇవ్వకపోతే ఒప్పందం దానంతట అదే కొనసాగుతుంది. నేటికీ అలాగే కొనసాగుతోంది. ముందస్తు సంప్రదింపు అని రాసుకున్న ఆ లేఖ ప్రకారం లాంఛనంగా సంప్రదింపు మాత్రం ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా జరగలేదు.

చివరగా, జపాన్ వార్తలు చూసేవాళ్ళకు పనికొచ్చే చిన్న సంగతి. ఈ 30 రోజుల నిబంధన ఇప్పటికీ ఏటా పనిచేస్తుంది. అక్కడ ఆర్థిక సంవత్సరం మనలాగే ఏప్రిల్ 1న మొదలవుతుంది. బడ్జెట్ మార్చి 2కల్లా దిగువ సభ దాటి ఎగువ సభకు చేరితే, ఎగువ సభ ఏం చేసినా చేయకపోయినా మార్చి 31కి 30 రోజులు నిండుతాయి. ఒక్క రోజు ఆలస్యమైనా ఆ భరోసా ఉండదు. ఎగువ సభ ఓటు కోసం ఎదురుచూడాలి, లేదా తాత్కాలిక బడ్జెట్ వెతుక్కోవాలి. ఫిబ్రవరి ఆఖరు వారంలో టోక్యోలో అధికార పక్షం హడావుడి పడుతోందని, ప్రతిపక్షం ప్రశ్నలు సాగదీస్తోందని వార్త వస్తే, ఇద్దరూ లెక్కపెడుతున్నది ఆ తేదీనే.

నమస్కారం.