పళ్ల డాక్టరు బోర్డు మీద ఏం చూడాలి?

[దృశ్యం: నెల్లూరు పొగతోట, వరసగా ఆసుపత్రి బోర్డులు]

నమస్కారం. పళ్ల ఆసుపత్రి బోర్డు కనిపిస్తే మనం ఏం చూస్తాం? ఫీజు ఎంత, ఏసీ ఉందా, తెలిసినవాళ్లెవరైనా చేయించుకున్నారా. చట్టం మాత్రం ముందు ఇంకోటి అడుగుతుంది: ఆ డాక్టరు పేరు రాష్ట్ర డెంటల్ కౌన్సిల్ రిజిస్టర్‌లో ఉందా?

పళ్ల డాక్టరు డిగ్రీ అయిన బీడీఎస్ అంటే నాలుగేళ్ల చదువు, పైన ఏడాది ఇంటర్న్‌షిప్. మన చింతారెడ్డిపాలెంలోనే డెంటల్ కాలేజీ ఉంది కాబట్టి ఆ తెల్లకోటు పిల్లలు మనకు కొత్త కాదు. పట్టా వచ్చాక కూడా కౌన్సిల్‌లో నమోదైతేనే ప్రాక్టీసు. ఆ నమోదు నంబరు క్లినిక్‌లో కనబడాలి, మందుల చీటీ మీదా ఉండాలి.

[స్క్రీన్ మీద: 1948]

అసలు తిరకాసు ఇక్కడుంది. "మా తాత కాలం నుంచి పళ్లు కడుతున్నాం అబ్బయ్యా" అనేవాళ్లు మీకూ తగిలే ఉంటారు. ఈ మాటకు వెనక ఒక చరిత్ర ఉంది. 1948లో దంతవైద్యుల చట్టం వచ్చేనాటికి చదువుకున్న డెంటిస్టులు చాలా తక్కువ. డిగ్రీ లేకపోయినా అదే పని మీద బతుకుతున్నవాళ్లను ఉన్నపళంగా మానేయమంటే జనం పళ్లు చూసేదెవరు? అందుకే రిజిస్టర్‌ను రెండు భాగాలు చేశారు. చదివినవాళ్లకు పార్ట్ ఏ. అప్పటికే కనీసం ఐదేళ్లుగా అదే జీవనాధారంగా ఉన్నవాళ్లకు పార్ట్ బీ. ఆ రాయితీ మనిషికిచ్చింది, వంశానికి కాదు. తాత పేరు అందులో ఉన్నా మనవడు పన్ను పీకడానికి అది పనికిరాదు.

మరి దొరికితే శిక్ష? ఆ చట్టంలో మొదటిసారికి 500 రూపాయల దాకా జరిమానా. ఈ రోజుల్లో ఒక క్యాప్‌కి కూడా చాలదు! రెండోసారి దొరికితే ఆరు నెలల దాకా జైలు, లేదా 1000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. నన్నడిగితే ఇన్నేళ్లు దొంగ వైద్యం నడవడానికి ఈ అంకె కూడా ఒక కారణమే. పాత చట్టం స్థానంలోకి తేవడానికి 2023లో పార్లమెంటు నేషనల్ డెంటల్ కమిషన్ చట్టాన్ని ఆమోదించింది. డాక్టర్ల నమోదు, నైతిక నియమాలు చూసుకోవడానికి అందులో ప్రత్యేకంగా ఒక బోర్డు ఉంది.

పళ్ల సెట్టు తయారుచేసే డెంటల్ మెకానిక్‌కూ చట్టంలో చోటుంది. అయితే ఆయన పని ల్యాబ్‌లో, మీ నోట్లో కాదు. "తీసి పెట్టుకునే పనే లేదు" అంటూ పక్క పళ్లకు తీగ చుట్టి, అక్రిలిక్ అనే ప్లాస్టిక్‌తో కట్టుడు పన్ను అంటించేసేవాళ్లు ఉన్నారు. దాని కింద మెతుకులు ఇరుక్కుని చిగురు కుళ్లుతుంది. ఆనించిన మంచి పళ్లూ కదిలిపోతాయి.

కనిగిరి, పొదిలి వైపు వాళ్లకు ఇంకో మాట. ఫ్లోరైడ్ నీళ్ల వల్ల వచ్చిన గోధుమరంగు మచ్చలు గార కాదు, పంటి పైపొరలోనే ఉంటాయి. క్లీనింగ్‌తో పోవు. ఒక్క సిట్టింగ్‌లో తెల్లగా చేస్తామని ప్రకటనలిచ్చి రోగులను పిలవడం డెంటిస్టుల నైతిక నియమాలకే విరుద్ధం.

ఎక్స్‌రే మిషన్‌కు అణుశక్తి నియంత్రణ బోర్డు అనుమతి కావాలి. పీకిన పన్ను 2016 నాటి ఆసుపత్రి వ్యర్థాల నిబంధనల ప్రకారం పసుపు సంచిలోకి వెళ్లాలి. పిల్లల పాలపళ్లు ఇంటి మీదకు విసరడం వేరే సంగతి లెండి.

[స్క్రీన్ మీద: జిల్లా వినియోగదారుల కమిషన్]

పని చెడితే? డబ్బు కట్టి వైద్యం చేయించుకున్న రోగి వినియోగదారుడేనని 1995లోనే సుప్రీంకోర్టు చెప్పింది. నెల్లూరులోనూ ఒంగోలులోనూ జిల్లా కమిషన్లు ఉన్నాయి. రెండేళ్లలోపు వెళ్లాలి. మీరు కట్టిన సొమ్ము 5 లక్షలు దాటకపోతే కమిషన్ ఫీజు లేదు, లాయరు లేకుండా మీరే వేసుకోవచ్చు. కాకపోతే చీటీ, ఎక్స్‌రే, బిల్లు చూపించాలి. "బిల్లు ఎందుకులేండి, రెండొందలు తగ్గిస్తా" అంటే ఆ రెండొందలూ ఇచ్చేసి బిల్లు తీసుకోండి.