క్షవరపు కత్తి మెడ మీది ముద్ర

సభకు నమస్కారం.

పర్లాకిమిడిలో పాత క్షవరపు కత్తిని ఎవరి చేతికిచ్చినా ముందు తిప్పి చూసేది పిడినే. కొమ్ముపనికి పేరుపడ్డ ఊరు కనుక ఆ చూపు సహజమే. కానీ కత్తి ఎవరు చేశారో తేల్చే వేళ పిడిని నమ్మరాదన్న మాట మన ఊళ్లోనే గట్టిగా చెప్పవలసి ఉంది. పిడి పగిలితే మేకులు ఊడదీసి కొత్త కొమ్ము రేకులు బిగిస్తారు. ఇంగ్లండు అలుగుకు, అంటే గొరిగే ఉక్కు భాగానికి, మన వీధి కొమ్ము అమరడంలో వింత లేదు. కత్తిని ఉంచిన పెట్టెను అసలే నమ్మకండి.

చూడవలసింది అలుగుకూ దాన్ని పిడికి బిగించే మేకుకూ నడుమనున్న పదును లేని మెడను. తుప్పును గరుకు కాగితంతో రుద్దితే అక్కడ కొట్టిన తయారీదారు ముద్ర కూడా పోతుంది. చుక్క నూనెతో తుడిచి, దీపాన్ని ఏటవాలుగా పట్టి భూతద్దంతో చూస్తే అరిగిన అక్షరమూ నీడలో తేలుతుంది. నక్షత్రం, ఎనిమిది మొనల మాల్టా శిలువ కలిసి కనిపిస్తే అది ఇంగ్లండులో కత్తులకు పేరుపడ్డ షెఫీల్డులోని జోసెఫ్ రాడ్జర్స్ వారి గుర్తు, 1682లో నమోదైంది. జంట మనుషుల బొమ్మ జర్మనీ ఊరు జోలింగెన్‌లోని హెంకెల్స్ వారిది, 1731 నాటిది. ‘కాస్ట్ స్టీల్’ అన్నది మాత్రం చేసినవారి పేరు కాదు, 1740ల తరువాత ఇంగ్లండువాడు హంట్స్‌మన్ మూసల్లో కరిగించి తీసిన ఉక్కు రకం పేరు. చాలామంది పొరబడేది ఇక్కడే.

పేరు దొరికినంతలో పని ముగియదు. అది అమ్మిన దుకాణదారుది కావచ్చు, పేరున్నవారిని అనుకరించిన దొంగముద్రా కావచ్చు. జర్మనీ సరకు షెఫీల్డు పేరుతో అమ్ముడుపోతున్నదన్న గోల వల్లనే బ్రిటన్ 1887లో సరకు ముద్రల చట్టం తెచ్చింది. అమెరికా కూడా 1891 మార్చి నుంచి దిగుమతులపై దేశం పేరు ఉండాలన్నది. అందుచేత ‘జర్మనీ’ అని చెక్కి ఉన్న కత్తిని తాతముత్తాతల కాలం నాటిదని ఎంత ముచ్చటగా చెప్పినా, నేను సాధారణంగా ఆ చట్టాలకు మునుపటి కాలానికి తీసుకుపోను.

ముద్ర చెప్పిన కాలానికి అలుగు రూపం కూడా సాక్ష్యం పలకాలి. పంతొమ్మిదో శతాబ్దపు తొలినాళ్ల అలుగులు చీలమేకులా వెన్ను మందంగా ఉంటాయి. రెండు పక్కలా లోతుగా గుల్లచేసి పలచబరిచిన అలుగులు ఆ శతాబ్దం చివరి భాగంలోనే విరివిగా వచ్చాయి. బ్రిటన్ రాజు నాలుగో విలియం కాలపు, అంటే 1830–37 నాటి, ముద్ర పలచని అలుగు మీద కనిపిస్తే నాకు అనుమానమే.

మీరు తెచ్చిన కత్తులను ఇప్పుడు ఈ బల్ల మీద, మెడ పైకి కనిపించేలా పెట్టండి.