తొమ్మిది క్యాసెట్లు, కదలని ట్యాంక్

యాంకర్: నమస్కారం. 1977లో అమెరికాలో అటారీ వీసీఎస్ అని, టీవీకి తగిలించి ఆడుకునే గేముల మిషన్ వచ్చింది, తర్వాత 2600 అని పేరు పడిందే, అదే. దాంతో పాటు దిగిన తొమ్మిది గేముల గురించే ఇవాళ్టి చర్చ. రివ్యూయర్ గారూ, మీరు అన్నీ ఆడి వచ్చారట?

రివ్యూయర్: ఆడానండీ, ఎమ్యులేటర్‌లో, అంటే పాత మిషన్‌లా నటించే కంప్యూటర్ ప్రోగ్రాంలో, రెండు రాత్రులు. రెండో రాత్రి అనవసరం. బేసిక్ మ్యాథ్ అని ఒకటుంది, తెర మీద లెక్క వస్తుంది, జాయ్‌స్టిక్ తోస్తూ అంకె మార్చుకుంటూ జవాబు పెట్టాలి, దానికి పలకా బలపం చాలు కదా. వీడియో ఒలింపిక్స్‌లో 50 గేములని చెప్పుకున్నారు, తీరా చూస్తే బంతిని అటూ ఇటూ కొట్టుకునే పాత పాంగ్ గేమ్‌నే అటు తిప్పీ ఇటు తిప్పీ పెట్టారు. ఇక కాంబాట్‌లో అయితే అవతలి ట్యాంక్ అసలు కదల్లేదు!

కలెక్టర్: ఎవరితో ఆడారు?

రివ్యూయర్: ఒక్కణ్నే.

కలెక్టర్: అదీ సంగతి. కాంబాట్‌లో 27 రకాలున్నా ఒక్కదానిలో కూడా మిషన్ మీతో ఆడదు సార్. పక్కన ఇంకో మనిషి ఉండాలి. మా మేనల్లుడు, ఇప్పటి గేములు తప్ప ముట్టనివాడు, గుండు గోడకి తగిలి తిరిగొచ్చే రకం పెడితే నాతో గంటసేపు గొడవపడుతూ ఆడాడు. బేసిక్ మ్యాథ్ చూపిస్తే మాత్రం లేచి వెళ్లిపోయాడు లెండి.

యాంకర్: తప్పు మిషన్‌దా, చేసినవాళ్లదా?

ప్రోగ్రామర్: ర్యామ్, అంటే ఆడుతున్నప్పుడు మిషన్ వాడుకునే జ్ఞాపకం, 128 బైట్లండీ. ఇప్పటి కంప్యూటర్లు అక్షరాలు దాచుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు రాస్తే ఒత్తులూ గుణింతాలూ విడివిడిగా లెక్కేసినా 42 గుర్తులు పడతాయి, అంతే. తెర బొమ్మ మొత్తాన్ని దాచుకునే చోటే లేదు, టీవీలో గీత వెనక గీత పడుతుంటే ఆ గీతలో ఏముండాలో ప్రోగ్రాం అప్పటికప్పుడు బొమ్మ వేసే చిప్‌కి అందిస్తూ ఉండాలి. కదిలే వాటిలో ఆ చిప్‌కి తెలిసినవి ఇద్దరు ఆటగాళ్ల బొమ్మలు, రెండు గుండ్లు, ఒక బంతి. అంటే పాంగ్, ట్యాంక్. వాటికోసం చేసిన మిషన్‌లో అవే వచ్చాయి.

రివ్యూయర్: మరి 1980లో, వరసలు కట్టి దిగే శత్రువుల్ని కాల్చే స్పేస్ ఇన్వేడర్స్ ఎలా వచ్చింది? చిప్ మార్చారా?

ప్రోగ్రామర్: లేదు, గేముండే క్యాసెట్‌లో చోటు 2 కేబీ కాస్తా 4 అయింది. ఒక్కో బొమ్మని పక్కపక్కనే మూడుసార్లు వేయించుకోవచ్చు, రెండు బొమ్మలు కాబట్టి వరసకి ఆరుగురు, ఆరు వరసలు, మొత్తం 36. ఆర్కేడ్‌లో, అంటే డబ్బులేసి ఆడే పెద్ద మిషన్‌లో, 55 మంది ఉంటారు, ఇక్కడ 36తోనే సరిపెట్టారు. తమాషా ఏంటంటే ఆ మూడు కాపీల కిటుకు కాంబాట్‌లోనే ఉంది, ఒక పెద్ద బాంబర్ మీదికి మూడు చిన్న విమానాలు వస్తాయి చూడండి, అదే. దాన్ని ఇంత దూరం లాగొచ్చని తట్టడానికి మూడేళ్లు పట్టింది.

రివ్యూయర్: ఈ మూడేళ్లూ డబ్బులు పెట్టి కొన్నవాళ్ల మాటేంటి? 1979లో స్లాట్ మిషన్ అనే గేమ్ అమ్మారు, జూదమేగానీ పైసా రాదు, పోదు. దీనికీ చిప్పే కారణమా?

కలెక్టర్: దాన్ని నేనూ వెనకేసుకురాను. నా దగ్గర రెండున్నాయి, ఊరికే ఇస్తానన్నా ఎవరూ తీసుకోరు.

ప్రోగ్రామర్: రాసింది డేవిడ్ క్రేన్ అండీ. 1982లో పిట్‌ఫాల్ అనే పేరున్న గేమ్ చేసినాయన.

రివ్యూయర్: ఆయనేనా? అయితే ఇంకొకర్ని కూర్చోబెట్టుకుని మళ్లీ ఆడి చూడాలా?

కలెక్టర్: వద్దు సార్. అది ఎంతమంది ఆడినా అంతే.