కాటా ఎవరి చేతిలో ఉంది?

అందరికీ నమస్కారం. ‘గిరిజన కుటుంబాలు పేదరికం నుంచి బయటపడటంలో సంఘాల పాత్ర’ అని నాకు అంశం ఇచ్చారు. పేరు కాస్త బరువుగా ఉంది. నేను ఒక కాటా గురించి చెబుతాను, మీరు సర్దుకోవాలి.

పాడేరు ఏజెన్సీలో పనికి చేరిన కొత్తలో, ఒక సంత రోజు తెల్లవారుజామున ఘాట్ మలుపు దగ్గర జీపు కోసం నిలబడ్డాను. కొండ మీంచి ఒకావిడ నెత్తిన పసుపు మూటతో దిగుతోంది. సంత ఇంకా రెండు కిలోమీటర్లుంది. మలుపులో కాచుకుని ఉన్న షావుకారు మనిషి ఎదురెళ్లి, ఆమె అడక్కుండానే మూట దించాడు. తన కాటాకి తగిలించి ఏదో అంకె చెప్పాడు. డబ్బులు లెక్కపెట్టి, అందులోంచి కొన్ని నోట్లు మళ్లీ తన జేబులోనే పెట్టుకున్నాడు. అదేంటని అడిగితే, “శ్రావణంలో బియ్యం తీసుకుంది సార్” అన్నాడు. ఆమె ఒక్క మాట అనలేదు. మూటకట్టిన గుడ్డ దులిపి, మడిచి చంకన పెట్టుకుని, ఉప్పూ ఎండుచేపలూ కొనుక్కోవడానికి సంతకు పోయింది.

ఆమె పంట బాగానే పండించింది. కానీ తన మూట ఎంత తూగుతుందో ఆమెకు తెలియదు. తెలిసినా బేరమాడే వీలు లేదు, ఎందుకంటే ఆ పసుపు శ్రావణంలోనే అమ్ముడైపోయింది. ఏజెన్సీలో వానాకాలం అంటే ఇంట్లో గింజలు అడుగంటే కాలం. అప్పుడిచ్చిన పది కిలోల బియ్యానికి ఆరు నెలల తర్వాత వచ్చే పంటని కట్టేసుకుంటారు. ఇంట్లో ఎవరికైనా జ్వరం ముదిరి డోలీ కట్టాల్సి వస్తే మిరియాలు కూడా పోతాయి.

చట్టాలు లేవా అంటే ఉన్నాయి. గిరిజనుల దగ్గర పంటా అటవీ సరుకూ కొనే గిరిజన సహకార సంస్థ, మనం జీసీసీ అంటాం, 1956 నుంచి ఉంది. వడ్డీ వ్యాపారుల మీద 1960లోనే రెగ్యులేషన్ వచ్చింది. గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా 1/70 చట్టం ఉంది. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు తీర్పు మైనింగ్ కంపెనీలకు అడ్డం పడింది. ఇవి లేకపోతే ఈరోజు మన్యంలో మాట్లాడుకోవడానికి కొండే మిగిలేది కాదు. అయితే మలుపులో మూట దించే చేతిని ఆపాలంటే, ఆ పొద్దున ఆ మలుపులో ఎవరో ఒకరు ఉండాలి కదా.

ఇంకో చిక్కు ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం కింద ఇచ్చే పట్టా వారసులకు వస్తుంది గానీ అమ్మడానికి వీల్లేదు. అది మంచిదే. కానీ అమ్మడానికి వీల్లేని భూమిని తాకట్టు పెట్టుకుని బ్యాంకు అప్పివ్వదు. భూమిని కాపాడిన రూలే మనిషిని మళ్లీ షావుకారు గుమ్మంలోకి పంపుతుంది. ఇక్కడే పొదుపు సంఘానికి పని దొరికింది. తాకట్టు బదులు పదిమంది ఆడవాళ్ల మాటే పూచీ. గ్రామీణ రుణాల జాతీయ బ్యాంకు నాబార్డు 1992లో 500 సంఘాలతో మొదలుపెట్టిన బ్యాంకు లింకేజీ, అంటే సంఘాలకు బ్యాంకు అప్పులిప్పించే పద్ధతి, నడిచిందంటే ఈ పూచీ మీదే.

నేను దగ్గరగా చూసిన సంఘంలో పన్నెండు మంది. పొదుపు డబ్బుతో మొదట ఏం కొన్నారో తెలుసా? కుట్టుమిషన్లు కొనమని మాలాంటి వాళ్లం చెప్పాం. వాళ్లు కాటా కొన్నారు. కొక్కెం ఉన్న స్ప్రింగ్ కాటా. ఊరి చింతచెట్టు కొమ్మకి కట్టారు. మొదటి రోజు పసుపు తూచినవాళ్లు ఎవరూ లేరు. కోడిపుంజుని తూచారు, గుమ్మడికాయని తూచారు, పిల్లల్ని గోనెసంచిలో కూర్చోబెట్టి తూచారు. నన్ను కూడా ఎక్కమన్నారు, కొమ్మ మీద జాలిపడి వద్దన్నాను. ఆ తర్వాతి సంతకి ఒకావిడ మలుపులో ఆగి, “మా చెట్టు కాటాలో ఇరవై రెండొచ్చింది, మీది పద్దెనిమిదంటోంది. ఏది చెడిపోయింది?” అని అడిగింది. గొంతు పెంచకుండానే అడిగింది, వెనక మరో నలుగురు నిలబడి ఉన్నారు.

తూకం తెలిస్తే సగమే. మిగతా సగం వానాకాలం బియ్యం. రెండో ఏడు కోతలప్పుడు ఇంటికి ఇన్ని కుంచాలని ధాన్యం ఒకచోట పోసుకున్నారు. ఆషాఢంలో ఎవరికి కావాలంటే వాళ్లు తీసుకోవడం, కోతలయ్యాక ఓ కుంచం కలిపి తిరిగి పోయడం. ఆ ఏడాది పసుపు మీద అడ్వాన్సు తీసుకున్న ఇళ్లు చాలా తగ్గాయి.

కాఫీ దగ్గర కథ ఇంకా పెద్దదైంది. కాఫీ పండు కోసిన రోజే తొక్క తీయాలి, లేకపోతే బస్తాలో పులిసిపోతుంది. పండుగానే అమ్మితే ఒక రేటు, తొక్క తీసి, కడిగి, ఎండబెట్టి పార్చ్‌మెంట్‌గా అమ్మితే ఇంకో రేటు. తొక్క తీసే యంత్రం, పల్పర్, ఒక్క ఇంటికి దండగ, ఊరంతటికీ ఒకటుంటే డిసెంబరంతా తిరుగుతూనే ఉంటుంది. ముందు పండ్లని నీళ్ల తొట్టిలో పోస్తారు, తాలువి తేలతాయి. తేలినవి అందరి ముందే పక్కన పెట్టేస్తారు. దీని మీద మొదటి ఏడు జరిగిన గొడవలు అన్నీ ఇన్నీ కావు. బయటి కొనుగోలుదారు తీసేసి ఉంటే మోసం అనుకునేవారు. పక్కింటి బుట్టలోవి కూడా తేలడం కళ్లతో చూశారు కాబట్టి ఒప్పుకున్నారు.

1995లో వచ్చిన పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం ఇలాంటివాళ్లు పెద్దగా ఎదగడానికి దారి ఇచ్చింది. అరకులో నాంది ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ తోడుతో చిన్న, సన్నకారు గిరిజన రైతులు ఆ చట్టం కిందే సహకార సంఘం పెట్టుకున్నారు. ఆ కాఫీ పేరుతో 2017లో పారిస్‌లో దుకాణం తెరుచుకుంది. 2019లో అరకు వ్యాలీ అరబికాకు జీఐ, అంటే ఆ ప్రాంతపు సరుకే అని చెప్పే భౌగోళిక గుర్తింపు వచ్చింది. పారిస్ మాట చెప్పగానే అందరూ చప్పట్లు కొడతారు. నాకు మాత్రం ఆ నీళ్ల తొట్టే గుర్తొస్తుంది.

సంఘాలన్నీ ఇలాగే ఉన్నాయని చెబితే అబద్ధం. టార్గెట్ కోసం ఒక్క వారంలో పుట్టిన సంఘాలు అప్పు రాగానే పంచుకుని చెదిరిపోయాయి. షావుకారు అప్పు తీర్చడానికి మైక్రోఫైనాన్స్, దాన్ని తీర్చడానికి ఇంకొకటి, చివరికి 2010లో ప్రభుత్వం మైక్రోఫైనాన్స్ కంపెనీల కట్టడికి ఆర్డినెన్సు తేవాల్సినంత దాకా వెళ్లింది. ఇంకోటి, ఇది మేం చేసిన తప్పు కూడా. పుస్తకాలన్నీ తెలుగులో రాయించాం. తెలుగు బాగా వచ్చిన ఇళ్ల ఆడవాళ్లే లీడర్లయ్యారు. ఇంట్లో కువి భాష మాట్లాడే కోందు తెగ ఆడవాళ్లు వేలిముద్ర వేసి వెనక కూర్చునేవారు. మేం గమనించక ముందే వాళ్లలో ఒక పెద్దావిడ తన దారి తను చూసుకుంది. ఎవరెంత కట్టారో అన్ని చింతపిక్కలు పేరుకో ముంతలో వేసేది. ఏడాది చివర పుస్తకం లెక్కకీ, ముంతల లెక్కకీ తేడా వచ్చింది. మళ్లీ కూడితే తప్పు పుస్తకంలో ఉంది.

2025లో అరకు వైపు కాఫీ తోటల్లో కాయతొలుచు పురుగు కనిపించింది. పురుగు పట్టిన కాయల్ని కోసి, ఉడకబెట్టి, పాతిపెట్టాలి. ఒక్క రైతు తన తోటలో దాచిపెట్టినా ఊరంతటికీ పాకుతుంది. చేతికొచ్చిన పంటని తనే పాతిపెట్టమంటే ఎవరికి మనసొప్పుతుంది? తొట్టిలో తేలిన కాయల్ని పదిమంది ముందు పక్కన పెట్టడం అలవాటైన ఊళ్లలో ఆ మాట చెప్పడం కొంచెం సులువు అవుతుందని నా అంచనా.

మీలో కొందరు చింతపల్లి, పాడేరు వైపు నుంచి వచ్చారని ఇందాక టీ దగ్గర తెలిసింది. పురుగు సంగతి, ఈ ఏడు రేటు సంగతి నాకన్నా మీకే తెలుసు. మైకు అటు పంపిస్తాను, వింటాను.